హాల్వర్ అనే బస్సు

హాల్వర్ ట్వైటెన్‌కి తనొక బస్సునని నమ్మకం. అలాగని పిచ్చివాడేం కాదు. ఆదివారం చర్చిలో చివరి వరసలో కూర్చునేవాడు, వేళకి క్షవరం చేయించుకునేవాడు, ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే వినేవాడు. అయితే తన పాత నీలం బ్యూక్ కారులో స్టీరింగు ముందు కూర్చున్న క్షణం నుంచి మాత్రం అది నలభై ఏడు సీట్ల బస్సు, తను దాని డ్రైవరు. చూసేవాళ్ళకి అది కారులా కనిపిస్తే వాళ్ళ ఖర్మ.

మా దగ్గర బస్సులకి ఒక చట్టముంది. రైలు పట్టాలు అడ్డొస్తే బస్సు ఆగాలి, తలుపు తెరవాలి, రైలు కూత వినిపిస్తుందేమో చెవి పెట్టి వినాలి, అప్పుడు దాటాలి. కార్లకి ఆ బాధ లేదు. హాల్వర్ ఆగేవాడు. జనవరిలో, ఉమ్మి నేల మీద పడేలోపే గడ్డకట్టే చలిలో కూడా, తలుపు బార్లా తెరిచి, టోపీ చెవి మీద నుంచి పైకి లాగి, పది అంకెలు లెక్కపెట్టేవాడు. తర్వాత "రైలు లేదు" అని ప్రకటించి తలుపు వేసేవాడు. వెనక కార్లు హారన్లు మోగించీ మోగించీ అలిసిపోయేవి.

ఒకసారి నేను పక్కన కూర్చుని ఉండగా పట్టాలే లేని చోట ఆపాడు. ఆ లైను ఎత్తేసి ఇరవై ఏళ్ళయింది. ఇనుమంతా పీక్కుపోయారు. రోడ్డు పక్కన తుప్పుపట్టిన గుర్తుబల్ల ఒక్కటే మిగిలింది.

"పట్టాలు లేవు కదండీ," అన్నాను.

"బల్ల ఉందిగా, లోర్నా."

"పట్టాలు లేకుండా రైలెలా వస్తుంది?"

"అది రైలు చూసుకోవలసిన సంగతి," అని తలుపు తెరిచాడు.

ఇంక రెండోది, తలలు లెక్కపెట్టడం. కాలేజీ జట్టుని ఆటకి తీసుకెళ్ళే ఏ బస్సయినా కదిలే ముందు ఆటగాళ్ళందరూ ఎక్కారో లేదో చూసుకోవాలి. హాల్వర్ కూడా సీట్లో వెనక్కి తిరిగి, ఖాళీ సీట్ల వంక చూపుడువేలు ఆడించి, చివరికి ఆ వేలు తన గుండెకి ఆనించుకుని, "ఒకటి. అందరూ వచ్చారు. పదండి," అనేవాడు. ఆయన దగ్గర పనిచేస్తూ ఆఫీసు కిటికీలోంచి పంతొమ్మిదేళ్ళ పాటు ఇది చూశాను. మొదట్లో నవ్వొచ్చేది. కొన్నాళ్ళకి ఆ 'అందరూ' అనే మాట దగ్గర నవ్వు ఆగిపోయేది.

మూడోది స్నానం. ఆట అయ్యాక పిల్లలు స్నానాలు చేసి, తలలారబెట్టుకుని బస్సెక్కడానికి యాభై నిమిషాలు పడుతుందని ఆయన లెక్క. అందుకని ఎక్కడికి వెళ్ళినా, పని పూర్తయిన యాభై నిమిషాల దాకా ఆ ఊరు వదిలేవాడు కాదు. పంటి డాక్టరు దగ్గర కూడా అంతే. పన్ను పీకించుకుని, యాభై నిమిషాలు కారులో కూర్చుని, తలలు లెక్కపెట్టుకుని బయలుదేరేవాడు.

ఈ పద్ధతి మీద ఒక పెళ్ళి కూడా తప్పిపోయింది. చర్చిలో ఆర్గన్ వాయించే ఎడలీన్ అనే విధవరాలిని మేమందరం పూనుకుని ఆయనతో భోజనానికి పంపాం. పట్టుగౌను వేసుకుంది పాపం. పిండిమిల్లు దగ్గర పట్టాలొచ్చాయి. తలుపు తెరిచాడు. ఫిబ్రవరి గాలి లోపలికొచ్చి ఆమె జుట్టు ముడి ఊడదీసింది. "రైలు లేదు," అన్నాడు. "నేనూ లేను," అని ఆమె తెరిచిన తలుపులోంచి దిగి, మంచులో నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు ఎలా జరిగిందని అడిగాను. "ఒకరు మధ్యలో దిగారు," అన్నాడు. అంతకుమించి ఆ విషయం ఎత్తలేదు.

ఇంతకీ ఆయన ఉద్యోగం చెప్పలేదు. టాల్‌గ్రాస్ కూటమికి కమిషనరు. మిన్నెసోటా, అయోవా, డకోటాల్లో ఉన్న తొమ్మిది చిన్న కాలేజీలు ఒక జట్టుగా ఏర్పడి వాటిలో అవే బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్ ఆడుకునే ఏర్పాటు అది. ఇనుప సామాన్ల కొట్టు పైన రెండు గదులు మా ఆఫీసు. ఒక గదిలో ఆయన, ఒక గదిలో నేను. ఏ జట్టు ఏ రోజు ఎవరితో ఆడాలో నిర్ణయించడం ఆయన పని, అది టైపు చేయడం నాది.

మా కూటమిలో కాలేజీలకి జంటలుంటాయి. దగ్గర దగ్గరగా ఉన్న రెండు కాలేజీలు ఒక జంట. దూరం నుంచి వచ్చిన జట్టు శుక్రవారం ఒకరితో, శనివారం రెండోవారితో ఆడి, ఒకే ప్రయాణంలో రెండు ఆటలు ముగించుకుని పోతుంది. తొమ్మిదిలో నాలుగు జంటలు పోగా ఒకటి మిగిలిపోతుంది. ఆ మిగిలింది పడమటి కొసనున్న కోల్డింగ్ కాలేజీ. దానికి జంట లేదు. వారం విడిచి వారం ఆట ఉండదు. ఏటా కాలపట్టిక తయారుచేసేటప్పుడు కోల్డింగ్ గడి దగ్గరకొచ్చేసరికి హాల్వర్ పెన్సిలు కింద పెట్టేవాడు.

"పెళ్ళి విందులో ఒంటరిగా వచ్చినవాణ్ణి ఏ బల్ల దగ్గర కూర్చోబెట్టాలో తెలియనట్టుంది," అనేవాడు.

ఎవరి గురించి అంటున్నాడో నేను అడిగేదాన్ని కాదు.

అందుకని పదో కాలేజీని చేర్చుకోవాలని తొంభై రెండులో తీర్మానం అయింది. తీర్మానమైతే అయింది గానీ, కూటమిలోకి కాలేజీని చేర్చుకోవడం ఇంటికి కోడల్ని తెచ్చుకోవడం కంటే కష్టం. దరఖాస్తు రావాలి, ముగ్గురు వెళ్ళి చూసి రావాలి, తొమ్మిది కాలేజీల ప్రెసిడెంట్లలో ఏడుగురు చేతులెత్తాలి. వీటన్నిటికీ ముందు పద్నాలుగో నిబంధన ఒకటి ఉంది. కూటమి ఆఫీసున్న ఊరి నుంచి కొత్త కాలేజీకి బస్సులో ఆరు గంటలకి మించి పట్టకూడదు. ఆ నిబంధన రాసింది హాల్వరే, అరవై ఒకటిలో. ప్రెసిడెంట్లు పటం మీద వేలు పెట్టి దూరాలు కొలుస్తారనీ, ఆ దూరాన్ని నడుం పట్టుకుని మోసేది పిల్లలనీ ఆయనకి కోపం. అందుకే దరఖాస్తు పెట్టిన ప్రతి కాలేజీకీ తనే బస్సై వెళ్ళి కొలిచేవాడు.

రెండు దరఖాస్తులొచ్చాయి. ఒకటి నగరం పక్కనున్న లాంగ్వర్త్ యూనివర్సిటీ. కొత్త స్టేడియం, రెండు గంటల దూరం, పోటీకొచ్చిన వాళ్ళని ఓడించి ఆనక టీవీలో చూపించే రకం. రెండోది మిస్సోరీ నదికి అవతల, గడ్డి తప్ప ఇంకేమీ మొలవని చోట కోల్‌బ్యూట్ కాలేజీ. నాలుగొందల మంది పిల్లలు. అందులో సగం మంది ఆటలాడొచ్చని చేరినవాళ్ళే. వాళ్ళున్న పాత కూటమి రెండేళ్ళ కిందట విడిపోయింది. అప్పటి నుంచి వాళ్ళతో ఆడే దిక్కులేదు. ఈసారి ఏ కూటమీ చేర్చుకోకపోతే మే నెలలో కాలేజీయే మూసేస్తామని ధర్మకర్తలు ఉత్తరంలో రాశారు. ఆ ఉత్తరాన్ని హాల్వర్ నాలుగుసార్లు చదివి, మడిచి, కోటు లోజేబులో పెట్టుకున్నాడు. ఫైలులో పెట్టవలసింది.

ఆ చలికాలం ఆయన తీరు మారింది. అంతకుముందు రెండు శీతాకాలాలు శనివారం వచ్చిందంటే ఎక్కడికో వెళ్ళిపోయేవాడు. ఎక్కడికని అడిగితే "రోడ్లు కొలవడానికి" అనేవాడు. ఈ ఏడు నవంబరు నుంచి ఎక్కడికీ వెళ్ళలేదు. ఒక శనివారం మర్చిపోయిన గొడుగు కోసం వచ్చేసరికి, ఆఫీసు ముందు బ్యూక్‌లో కదలకుండా కూర్చుని ఉన్నాడు. ఇంజను కూడా వేయలేదు.

"ఎక్కడికైనా వెళ్తున్నారా?"

"లేదు. స్నానాలు అయ్యేదాకా ఆగాను."

"ఎవరి స్నానాలు?"

టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు. నేను గొడుగు తీసుకుని వెళ్ళిపోయాను. ఆ రోజు వెళ్ళకుండా ఉండవలసిందని చాలాసార్లు అనుకున్నాను.

మార్చిలో కోల్‌బ్యూట్‌ని చూడ్డానికి బయలుదేరాం. హాల్వర్, రాసుకోవడానికి నేను, ప్రెసిడెంట్ల తరఫున జెరల్డ్ స్ట్రౌడ్. స్ట్రౌడ్ గారు ఆ తొమ్మిదిమంది ప్రెసిడెంట్లలో ఒకరు, పూర్వం లాయరు. లాంగ్వర్త్ తప్ప వేరేదొద్దని అప్పటికే అయిదుగురు ప్రెసిడెంట్లని ఒప్పించిన మనిషి. విమానంలో వస్తానన్నాడు. పిల్లలు ఎలా వెళ్తారో అలాగే వెళ్ళాలని హాల్వర్ పట్టుబట్టాడు.

ఉదయం ఎనిమిదింటికి హాల్వర్ వెనక్కి తిరిగాడు. వేలెత్తాడు. "ఒకటి. రెండు. మూడు." వేలు గాలిలోనే ఆపాడు. "మూడు," అని మళ్ళీ అన్నాడు. "అందరూ వచ్చారు. పదండి."

"ఏం చేస్తున్నాడితను?" అన్నాడు స్ట్రౌడ్ నా చెవిలో.

"మిమ్మల్ని లెక్కపెట్టారు."

"నేనిక్కడే ఉన్నాను కదా, కనిపించడం లేదా?"

"మీకిది మొదటిసారి. అలవాటవుతుంది లెండి."

మొదటి పట్టాల దగ్గర తలుపు తెరిచాడు. స్ట్రౌడ్ మోకాళ్ళ మీదున్న కాగితాలు పొలంలోకి ఎగిరిపోయాయి. రెండో పట్టాల దగ్గర ఆయన మిగిలిన కాగితాల మీద కూర్చున్నాడు. మూడో దగ్గర టోపీ పట్టుకున్నాడు. నాలుగో దగ్గర, "అయ్యా, రెండు వైపులా పది మైళ్ళు కనిపిస్తోంది. ఒక్క చెట్టు కూడా అడ్డం లేదు. రైలు దాక్కుని వస్తుందా?" అని అడిగాడు.

"బస్సు కళ్ళతో చూడదండీ, చెవులతో వింటుంది," అన్నాడు హాల్వర్.

పదకొండు చోట్ల పట్టాలొచ్చాయి. పదకొండు చోట్లా ఆగాం. గంటకు యాభై అయిదు మైళ్ళు దాటలేదు. రెండు గంటలకోసారి పావుగంట దిగి కాళ్ళు చాపుకోమనేవాడు. చిల్లీ అనే కారం చిక్కుడుగింజల కూర, దాల్చినచెక్క రొట్టె పెట్టే ఒక చోట ఆగితే, స్ట్రౌడ్ చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళి ఆలస్యం చేశాడు. హాల్వర్ ఇంజను ఆపి కూర్చున్నాడు. "మూడోవాడు రాలేదు," అన్నాడు. నేను పిలుస్తానంటే ఒప్పుకోలేదు. "తొందరపెట్టకు. మనల్ని వదిలేసి పోతారేమోనన్న భయం ఉండకూడదు, బస్సులో ఎక్కేవాళ్ళకి."

నది దాటాక ఊళ్ళు అయిపోయాయి. ఇళ్ళు కూడా అయిపోయాయి. గడ్డి, ఆకాశం, మధ్యలో తీగ కంచె. గంటసేపు ఎదురుగా ఒక్క బండి కూడా రాలేదు. పొద్దుటి నుంచీ సణుగుతున్న స్ట్రౌడ్ నోరు మూసుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఎప్పుడో, "ఇంత దూరం ఎవరొస్తారండీ వీళ్ళతో ఆడటానికి?" అన్నాడు. గొంతులో వెక్కిరింత లేదు.

"ఎవరూ రారు," అన్నాడు హాల్వర్.

కాలేజీ గేటు ముందు ఆగి వాచీ చూసుకున్నాడు. రెండూ ముప్పై ఎనిమిది. నోటుపుస్తకం తీసి, ఒత్తి ఒత్తి రాశాడు. ఆరు గంటల ముప్పై ఎనిమిది నిమిషాలు. నాకు చూపించాడు. "ఏ దారిన వచ్చినా ఇంతే, లోర్నా. ఏడు దార్లు చూశాను. వంతెన దారి, జొన్నచేల దారి, అన్నీ. ముప్పై ఎనిమిది కంటే తగ్గడం లేదు."

ఏడు దార్లు ఎప్పుడు చూశాడో అడుగుదామనుకునేలోపు మెట్ల మీద నుంచి ఒక పిల్ల అరిచింది.

"ఒసేయ్, డ్రైవర్ వచ్చాడే."

క్షణంలో పాతికమంది ఆడపిల్లలు కారు చుట్టూ మూగారు. అందరూ చెయ్యెత్తు మనుషులు. ఒకతి ఆయన టోపీ తీసి తను పెట్టుకుంది. ఇంకొకతి, "నవంబరు నుంచి ఒక్కసారైనా వచ్చారా? మేమేం తప్పు చేశాం?" అని నిలదీసింది. హాల్వర్ ముఖం బీట్‌రూట్ రంగుకొచ్చింది.

స్ట్రౌడ్ కళ్ళద్దాలు తుడిచి పెట్టుకున్నాడు. "కమిషనర్‌గారు ఇంతకుముందు ఇక్కడికొచ్చారా?"

"వచ్చారా ఏంటండీ," అంది వాళ్ళ కోచ్ మార్లిస్. నలభై ఏళ్ళ మనిషి, మెడలో ఈల. "మాతో ఆడారు కూడా. రండి చూపిస్తాను."

ఆటల హాలు ముందు గాజు బీరువా ఉంది. అందులో కప్పుల కంటే ఖాళీ ఎక్కువ. మధ్యలో చట్రం కట్టిన కాగితం ఒకటి, ఒక బాస్కెట్‌బాల్ ఆట లెక్కల కాగితం. కోల్‌బ్యూట్ పేరు కింద పన్నెండు మంది పేర్లు. అతిథి జట్టు కింద ఒకే ఒక్క పేరు, హెచ్. ట్వైటెన్, చొక్కా నంబరు ఒకటి. చివర్లో ఫలితం. కోల్‌బ్యూట్ అరవై ఒకటి, అతిథులు రెండు.

మార్లిస్ చెప్పింది. "కిందటేడుకి ముందటేడు, పాత కూటమి విడిపోయాక మా మొదటి ఆట. ఎలాగో బతిమాలి ఒక కాలేజీని ఒప్పించాం. ఊరంతా వచ్చి కూర్చుంది. పిల్లలు చొక్కాలు వేసుకుని వరసగా నిలబడ్డారు. అప్పుడు ఫోనొచ్చింది, మంచు పడుతోంది రాలేమని. వాళ్ళ ఊళ్ళో మంచు లేదు, నేను కనుక్కున్నాను. ఆ మాట పిల్లలకి ఎలా చెప్పాలో తెలియక తలుపు దగ్గర నిలబడి ఉంటే, ఈయన లోపలికొచ్చారు. అతిథుల వైపు బెంచీలు మొత్తం ఖాళీ. వెళ్ళి అక్కడ కూర్చున్నారు. 'ఎవరండీ మీరు' అన్నాను. 'దూరం నుంచి వచ్చిన బస్సుని' అన్నారు."

"అలా అన్నారా?" అన్నాడు స్ట్రౌడ్.

"అంటారు. ఎంతమంది దిగారు అంటే, వెనక్కి తిరిగి చూసి, ఒకటి, అందరూ వచ్చారు అన్నారు. ఇంకేం చేస్తాం, ఆడాం. ఆ బూట్లతోనే, ఆ టైతోనే. చివరి నిమిషంలో ఒక్క బంతి బుట్టలో వేశారు. ఊరంతా లేచి నిలబడి అతిథుల కోసం చప్పట్లు కొట్టింది. ఆట అయ్యాక పన్నెండు మంది పిల్లలూ వరసగా వచ్చి చేయి కలిపారు. తర్వాత అతిథుల స్నానాల గది తాళం అడిగారు. ఇచ్చాను. లోపల యాభై నిమిషాలు ఒక్కరే కూర్చున్నారు."

"మరి స్నానం చేశారా?" అని అడిగాను నేను.

"నీళ్ళ చప్పుడు రాలేదు. ఆ తర్వాత రెండు శీతాకాలాలు, మా ఊళ్ళో ఆట ఉన్న ప్రతి శనివారం వచ్చారు. వచ్చిన జట్టుకి జనం లేకపోతే వాళ్ళ వైపు కూర్చునేవారు. జట్టే రాకపోతే చొక్కా నంబరు ఒకటి ఈయనదే."

రోడ్లు కొలవడమంటే ఇదన్నమాట. పంతొమ్మిదేళ్ళుగా పక్క గదిలో కూర్చున్నదాన్ని, నాకు తెలియలేదు.

స్ట్రౌడ్‌లోని లాయరు నిద్ర లేచాడు. "కమిషనర్‌గారూ, దరఖాస్తు పెట్టిన కాలేజీతో మీకింత చనువా? ఇది పక్షపాతం కాదా?"

"అరవై ఒకటి, రెండు," అన్నాడు హాల్వర్ నేల చూస్తూ. "అందులో నా పక్షం ఏముందండీ."

"హాస్యం కాదు."

"వాళ్ళు దరఖాస్తు పెట్టింది నవంబరు మూడున. రెండో తారీఖు తర్వాత నేనిటు రాలేదు. రాకూడదు కదా." టోపీ లేని తల నిమురుకున్నాడు. "కష్టమే అయింది."

కారులో ఇంజను వేయకుండా కూర్చున్న ఆ శనివారం నాకు గుర్తొచ్చింది. స్ట్రౌడ్ గాజు బీరువాలోని కాగితం వైపు తిరిగాడు.

అప్పుడు మార్లిస్, "భోజనానికి రండి, ఇంకా వడ్డిస్తున్నారు," అంది. రెండున్నర దాటాక ఏ కాలేజీలో భోజనం ఉంటుందని వెళ్ళాం. ఉంది. బంగాళాదుంపలు పేర్చి పొయ్యిలో కాల్చిన హాట్‌డిష్ పొగలు కక్కుతోంది. గోడ మీద గడియారం రెండుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"మీ గడియారం గంట వెనకుంది," అన్నాను.

"మీదే గంట ముందుంది," అంది మార్లిస్. "నది దాటితే టైమ్ జోన్ మారుతుంది, ఇక్కడ కొండల కాలం కదా. మీ తూర్పు వాళ్ళు వచ్చిన ప్రతిసారీ ఇదే గొడవ."

నా చేతిలో చెంచా ఆగిపోయింది. పద్నాలుగో నిబంధనని ఏటా టైపు చేసినదాన్ని నేను. సంచీలోంచి నిబంధనల పుస్తకం తీశాను. 'ప్రయాణ కాలాన్ని బయలుదేరిన ఊరి గడియారమూ, చేరిన ఊరి గడియారమూ చూసి లెక్కించవలెను.' ఇక్కడికి చేరింది వీళ్ళ గడియారంలో ఒంటిగంటా ముప్పై ఎనిమిదికి. బయలుదేరింది మా గడియారంలో ఎనిమిదికి.

"ఇలా ఎందుకు రాశారండీ?" అని హాల్వర్ ముందు పెట్టాను.

"ఆ రోజుల్లో ఎండాకాలం వస్తే ఒక్కో ఊరు ఒక్కో వారం గడియారం ముందుకి జరుపుకునేది. పక్క ఊళ్ళో ఎంతయిందో ఎవరికీ తెలిసేది కాదు. అందుకని రెండూ చూడమన్నాను." చదివాడు. మళ్ళీ చదివాడు. నేను ఏమంటున్నానో అర్థమైంది. పుస్తకం మూసి నా వైపు జరిపాడు. "వద్దు, లోర్నా."

"నిబంధనలో ఉన్నదేగా?"

"పిల్లల నడుముకి గడియారం తెలియదు. ఆరూ ముప్పై ఎనిమిది కూర్చున్నారంటే కూర్చున్నారు. నేను మోసం చేసి వీళ్ళని తెస్తే, తర్వాత వీళ్ళని చేర్చుకున్నవాళ్ళు జీవితాంతం ఆ మాటే అంటారు. ఉన్నదే చెప్తాను."

"ఉన్నది చెప్తే కాలేజీ మూసేస్తారు."

"తెలుసు," అన్నాడు. ఆయన పళ్ళెం అలాగే ఉండిపోయింది. పక్క బల్ల దగ్గర స్ట్రౌడ్ రెండోసారి వడ్డించుకుంటూ మా వైపు చెవి పెట్టాడని నేను గమనించలేదు.

ఏప్రిల్‌లో తొమ్మిదిమంది ప్రెసిడెంట్లూ కూర్చున్నారు. హాల్వర్ లేచి కొలతలు చదివాడు. లాంగ్వర్త్, రెండు గంటల నాలుగు నిమిషాలు. కోల్‌బ్యూట్, ఆరు గంటల ముప్పై ఎనిమిది నిమిషాలు. కూర్చున్నాడు. లోజేబు మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ ఉత్తరం అందులోనే ఉందని నాకు తెలుసు.

"అయితే రెండోది నిబంధనకి నిలవదు," అన్నారెవరో. "అయిపోయినట్టే."

"ఒక్క నిమిషం," అని స్ట్రౌడ్ లేచాడు. "కమిషనర్‌గారు తప్పు చదివారు. పద్నాలుగో నిబంధన ప్రకారం లెక్క గడియారాలది. ఎనిమిదికి బయలుదేరి ఒంటిగంటా ముప్పై ఎనిమిదికి చేరాం. అయిదు గంటల ముప్పై ఎనిమిది నిమిషాలు. ఇరవై రెండు నిమిషాలు మిగిలింది."

"ఇది బస్సులో కూర్చున్న సమయం కాదండీ," అన్నాడు హాల్వర్ కంగారుగా.

"బస్సులో ఎవరు కూర్చున్నారు? నేను కూర్చున్నాను. ఆ చలి తిన్నది నేను. నాకు అభ్యంతరం లేదు. మీకెందుకు?"

"తిరిగొచ్చేటప్పుడు ఆ గంట మళ్ళీ కలుస్తుంది కదా," అన్నాడు ఒక ప్రెసిడెంటు.

"తిరిగొచ్చే సంగతి నిబంధనలో లేదు. రాసినాయన ఇక్కడే ఉన్నాడు, అడుక్కోండి." స్ట్రౌడ్ కూర్చోబోయి ఆగాడు. "అయ్యా, నేను లాంగ్వర్త్ మనిషిని. మీకందరికీ తెలుసు. లాంగ్వర్త్‌కి మనం లేకపోయినా బోలెడు మంది ఉన్నారు. అక్కడ ఆటకి రావలసిన జట్టు రాకపోతే, నంబరు ఒకటి చొక్కా వేసుకుని ఒక ముసలాయన ఆడవలసిన అవసరం రాదు."

ఏం చొక్కా, ఏం ముసలాయన అని అడిగారు. చెప్పాడు. లాయరు కదా, అరవై ఒకటి నుంచి రెండు దాకా ఏదీ వదలకుండా చెప్పాడు. హాల్వర్ బల్ల కిందికి చూస్తూ ఉన్నాడు. ఏడు చేతులు లేచాయి. ఏడోది కోల్డింగ్ కాలేజీ ప్రెసిడెంటుదని మీరనుకుంటారేమో. కాదు, ఆయన మొదటే రెండు చేతులూ ఎత్తేశాడు. ఒకటే లెక్కలోకి వస్తుందని చెప్పి దింపించాల్సి వచ్చింది.

ఆ ఏడు కాలపట్టికలో కోల్డింగ్ గడి పక్కన హాల్వర్ కోల్‌బ్యూట్ అని రాసి, పెన్సిలు చెక్కుకున్నాడు. అయిదు జంటలు. ఎవరూ మిగల్లేదు. ఆయన తప్ప, అనుకున్నాను నేను. ఇక కోల్‌బ్యూట్‌కి నంబరు ఒకటి చొక్కా అక్కర్లేదు. వచ్చే జట్లు వస్తాయి, వాటి వెనక జనం వస్తారు. ఆయన శనివారాలు మళ్ళీ ఖాళీ.

డిసెంబరులో కోల్‌బ్యూట్ ఆడపిల్లలు మొదటిసారి మా ఊరొచ్చారు. శుక్రవారం మా ఊరి కాలేజీతో ఆడారు. మర్నాడు గంటన్నర దూరంలో ఇంకో ఆట. హాల్వర్ తన బస్సులో వాళ్ళ బస్సు వెనక వెళ్తానన్నాడు. శనివారం పొద్దున తొమ్మిదింటికి ఆఫీసు కిటికీలోంచి చూస్తే, కింద వాళ్ళ బస్సు సిద్ధంగా ఉంది. దాని వెనక బ్యూక్. వెనక్కి తిరిగాడు, వేలెత్తాడు, గుండెకి ఆనించుకున్నాడు. తాళం తిప్పాడు. కారు దగ్గింది. మళ్ళీ తిప్పాడు. ఇంకోసారి దగ్గి ఊరుకుంది. చలికి బ్యాటరీ చచ్చిపోయింది.

కిటికీ తెరిచాను. "నా కారు ఉంది, దింపనా?" అందామని. అప్పటికే ఆయన కారు దిగి చెయ్యి ఊపి, మీరు వెళ్ళండని వాళ్ళ బస్సుకి సైగ చేస్తున్నాడు.

బస్సు కదల్లేదు. తలుపు తెరిచే ఉంది. లోపల మార్లిస్ నడవాలో నిలబడి ఒక్కొక్క తలా లెక్కపెడుతోంది. మెట్టు దాకా వచ్చింది.

"ఇరవై మూడు," అంది. "ఒకటి తక్కువ."

"నేను కారు సంగతి చూసుకుంటాను, మీరు పదండి," అన్నాడు హాల్వర్. "ఆలస్యమవుతుంది."

"తొందరేం లేదు. ఒకటి తక్కువతో బస్సు కదలదని మాకు ఒకాయన నేర్పాడు."

ఆయన ఒకసారి బ్యూక్ వంక, ఒకసారి తెరిచిన తలుపు వంక చూశాడు. తర్వాత టోపీ తీసి, బ్యూక్‌కి తాళం వేసి, బస్సెక్కాడు. పిల్లలు కిటికీ పక్క సీటు ఖాళీ చేశారు. మార్లిస్ వేలు వరసగా వచ్చి ఆయన దగ్గర ఆగింది. ఇన్నేళ్ళలో ఆయన్ని ఇంకొకరు లెక్కపెట్టడం నేను చూడటం అదే మొదలు.

"ఇరవై నాలుగు," అంది. "అందరూ వచ్చారు. పదండి."

వీధి చివర పిండిమిల్లు దగ్గర పట్టాలున్నాయి. బస్సు అక్కడ ఆగింది. తలుపు తెరుచుకుంది. చలిలో ఇంత దూరం నుంచి కూడా నాకు స్పష్టంగా వినిపించింది, ఇరవై నాలుగు గొంతులు ఒకేసారి.

"రైలు లేదు."

తలుపు వేసుకుని బస్సు పట్టాలు దాటింది. నేను కిటికీ మూసి, కాఫీ పెట్టుకుని, బ్యాటరీ కొట్టువాడికి ఫోను చేశాను.